బొమ్మలతో కోడింగ్ చెప్పడం ఎలా: కదిలించడం సులువే, ఆపడమే అసలు పని

"వేరియబుల్ అంటే ఏమిటి?" అని తొమ్మిదో తరగతిలో అడిగి చూడండి. "విలువను దాచుకునే మెమరీ లొకేషన్" అని గడగడా చెప్పే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. అదే పిల్లలకు నాలుగు లైన్ల ప్రోగ్రామ్ ఇచ్చి, మూడో లైన్ అయ్యాక ఏ వేరియబుల్‌లో ఎంత ఉందో రాయమంటే పెన్ను కదలదు. నిర్వచనం నోటికి వచ్చింది కానీ ప్రోగ్రామ్ నడక కంటికి కనబడలేదు. పుస్తకంలో అచ్చయిన కోడ్ ఉన్నచోటే ఉంటుంది, నడిచే ప్రోగ్రామ్‌లో మాత్రం ప్రతి లైనుకూ ఏదో ఒకటి మారుతుంది. ఆ మార్పును చూపించడానికే బొమ్మలు, కార్టూన్లు.

వరంగల్, హనుమకొండ, ములుగు, కరీంనగర్ వైపు బడుల్లో కంప్యూటర్ పాఠం చెప్పే సార్లకు, మేడమ్‌లకు, ఇంటి దగ్గర తమ్ముడికో చెల్లెలికో నేర్పాలనుకునే బీటెక్ పిల్లలకు పనికొచ్చే పద్ధతి ఇది. కాగితాలు, ఒక ఫోను, నడిచే కంప్యూటర్ ఒక్కటి ఉంటే మొదలుపెట్టవచ్చు. మీ బడిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర) ఉంటే మరీ మంచిది, లేకపోయినా పాఠం ఆగదు.

మొదలుపెట్టే ముందు ఒక్క హెచ్చరిక. కార్టూన్ వేస్తే క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దం చూసి పాఠం అర్థమైందనుకుంటాం. 2002లో హండ్‌హాసన్, డగ్లస్, స్టాస్కో అనే ముగ్గురు పరిశోధకులు, అల్గారిథమ్‌లను (పనిని అడుగులవారీగా చేసే పద్ధతులను) బొమ్మల్లో చూపించి నేర్పిన 24 ప్రయోగాలను ఒకచోట పెట్టి పరిశీలించారు. తెర మీద బొమ్మ ఏం చూపిస్తోంది అన్నదాని కంటే, విద్యార్థి ఆ బొమ్మతో ఏం చేస్తున్నాడు అన్నదే ఎక్కువ తేడా తెస్తోందని వాళ్లు తేల్చారు. అందుకే ఈ పద్ధతి అంతా ఒకే పని చుట్టూ తిరుగుతుంది: బొమ్మను నడిపించి, సరైన చోట ఆపి, "తర్వాత ఏమవుతుంది?" అని అడగడం.

ఏ పాఠానికి బొమ్మ కావాలి

అన్నింటికీ అక్కర్లేదు. డేటా టైపులు, కామా ఎక్కడ పెట్టాలి, బ్రాకెట్ ఎక్కడ మూయాలి లాంటివాటికి సుద్దముక్క, బోర్డు చాలు. వాటికి కార్టూన్ చేయడం సమయం దండగ. అడుగడుగునా ఏదో ఒకటి మారుతూ పోయే పాఠాలకే బొమ్మ పెట్టండి: వేరియబుల్ విలువ మారడం, లూప్ తిరగడం, కండిషన్ దగ్గర దారి చీలడం, అరేలో (వరసగా పెట్టిన విలువల జాబితాలో) అంకెలు చోటు మార్చుకోవడం, ఫంక్షన్ తననే తాను పిలుచుకోవడం. పాఠానికి ఒక్క విషయమే తీసుకోండి. లూప్ చూపిస్తూ మధ్యలో కండిషన్ కూడా చెప్పేద్దామన్న ఆశ అందరికీ పుడుతుంది. ఆ ఆశను మరుసటి పీరియడ్‌కు దాచుకోండి.

ముందు కాగితం మీద

కంప్యూటర్ తెరవకముందే కథను గళ్లలో గీయాలి. సినిమా వాళ్లు స్టోరీబోర్డ్ అంటారు గానీ, మన దగ్గర ఈ పని ఎప్పటినుంచో ఉంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ కళాకారులు గుడ్డ మీద పొడవాటి పటాలు గీస్తారు. ఎర్రటి నేపథ్యం మీద కథ ఒక్కో ఘట్టంగా కిందికి సాగుతుంది. కథ చెప్పేవాళ్లు పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, ఆ ఘట్టం దగ్గర ఆగి, అది చెప్పాకే తర్వాతిది విప్పేవాళ్లు. మనకు కావలసింది అచ్చం అదే. చేర్యాల పటం ఫొటో ఒకటి పిల్లలకు చూపించి, "మన ప్రోగ్రామ్‌ను కూడా ఇట్ల గీద్దాం" అంటే ఇక వేరే వివరణ అక్కర్లేదు.

నియమం ఒక్కటే: ఒక గడిలో ఒక లైన్ మాత్రమే నడవాలి. గడి కింద రెండు వివరాలు రాయండి. ఇప్పుడు నడిచిన లైన్ ఏది? అది నడిచాక ఒక్కో వేరియబుల్‌లో ఎంత ఉంది?

ఉదాహరణకు ఈ నాలుగు లైన్లు తీసుకోండి:

అ = 5
ఆ = 8
అ = ఆ
ఆ = అ

చాలా పుస్తకాల్లో వేరియబుల్‌ను డబ్బాతో పోలుస్తారు. ఆ పోలిక పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది. డబ్బాలో రెండు వస్తువులు పెట్టవచ్చు కాబట్టి పాత 5, కొత్త 8 రెండూ అందులోనే ఉంటాయనుకుంటారు. డబ్బాలోంచి తీస్తే ఖాళీ అవుతుంది కాబట్టి మూడో లైన్ తర్వాత 'ఆ'లో ఏమీ మిగలదనుకుంటారు. రెండూ తప్పే. డబ్బాకు బదులు పలక గీయండి. పలక మీద ఒక్క అంకెకే చోటు. కొత్తది రాయాలంటే పాతది తుడవాలి. పక్కవాడి పలక చూసి రాసుకుంటే వాడి పలక మీది అంకె ఎక్కడికీ పోదు.

ఇప్పుడు గళ్లు గీయండి. మొదటి గడిలో 'అ' పలక మీద 5, రెండో గడిలో 'ఆ' పలక మీద 8. మూడో గడిలో ఒక పిల్లాడి బొమ్మ 'ఆ' పలక వైపు తొంగి చూసి, 'అ' పలక తుడిచి 8 రాస్తాడు. ఇక్కడ ఆపండి. నాలుగో గడి మీరు గీయొద్దు, పిల్లలనే గీయనివ్వండి. రెండు అంకెలూ చోటు మార్చుకుని 8, 5 అవుతాయని కొందరు గీస్తారు. వాళ్లను తప్పుపట్టకుండా, "5 ఎక్కడి నుంచి తెచ్చినవ్?" అని అడగండి. పలకల వైపు చూస్తే 5 ఎక్కడా లేదు, మూడో గడిలోనే తుడిచేశాం. అప్పుడు మూడో పలక కావాలన్న మాట పిల్లల నోటి నుంచే వస్తుంది. ఆ మాట వచ్చేదాకా ఓపిక పట్టండి, మీరు ముందే చెప్పేయకండి.

పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాషలో వేరియబుల్ పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టినా పనిచేస్తాయి, బ్లాకులతో ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్‌లోనూ అంతే. తెలుగు మీడియం పిల్లలతో మొదట్లో ధర, బస్తాలు, మార్కులు అని తెలుగు పేర్లే వాడండి. పరీక్షకూ ఉద్యోగానికీ ఇంగ్లీషు పేర్లు కావాలి కదా అంటే కావాలి, కానీ నడక అర్థమయ్యాక పేరు మార్చుకోవడం ఒక్క రోజు పని.

కంప్యూటర్ లేనిచోట ఈ గళ్లతోనే బొమ్మ ఆడించవచ్చు. నోట్‌బుక్ మూలల్లో గడికొకటి గీసి వేలితో పేజీలు జారిస్తే కదులుతుంది. ఫోనులో స్టాప్ మోషన్ యాప్ వేసుకుని, పలక మీద అంకెలు మారుస్తూ ఒక్కో ఫొటో తీసినా సరే. చేత్తో గీసే కార్టూన్లకు మామూలుగా సెకనుకు 12 బొమ్మలు గీస్తారు, సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. ఆ లెక్కలు మీకు అక్కర్లేదు. లైనుకు ఒక బొమ్మ చాలు. నున్నగా కదిలే బొమ్మ చూడ్డానికి బాగుంటుంది గానీ, మార్పు ఎక్కడ జరిగిందో దాచేస్తుంది.

స్క్రాచ్ వేసుకోవడం

కంప్యూటర్ మీదికి వచ్చాక స్క్రాచ్ కంటే అనువైనది లేదు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో విడుదల చేసింది, ఉచితం. ఇప్పుడు అందరూ వాడే మూడో వెర్షన్ 2019 జనవరిలో వచ్చింది. కోడ్ టైపు చేయనక్కర్లేదు, రంగురంగుల బ్లాకులను ఒకదానికొకటి తగిలిస్తే చాలు. తెర మీద కదిలే బొమ్మను స్ప్రైట్ అంటారు, దాని వేషాలను కాస్ట్యూమ్‌లు అంటారు.

ల్యాబ్‌లో నెట్ సరిగా రాకపోతే, నెట్ ఉన్న చోట ఆఫ్‌లైన్ యాప్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. దానికి విండోస్ 10 కావాలి. పాత విండోస్ ఉన్న మెషీన్లయితే స్క్రాచ్ పాత వెర్షన్ 1.4 వాడండి, చాలా తేలిక. ఒకటే ఇబ్బంది, కొత్తదానిలో చేసిన ఫైలు పాతదానిలో తెరుచుకోదు. కాబట్టి ల్యాబ్ అంతటికీ ఒకే వెర్షన్ వేయండి. కరెంటు పోయే చోట ప్రతి పది నిమిషాలకూ సేవ్ చేయించడం కూడా పాఠంలో భాగమే.

కాజీపేట నుంచి వరంగల్‌కు ఒక బస్సు

స్క్రాచ్ తెర వెడల్పు 480, ఎత్తు 360. నడిమధ్య సున్నా. ఎడమ అంచు -240, కుడి అంచు 240. ఈ గీత మీద మన ఊళ్లు పెడదాం: -200 దగ్గర కాజీపేట, 0 దగ్గర హనుమకొండ, 200 దగ్గర వరంగల్. బస్సును పిల్లలతోనే గీయించండి, వంకరగా వచ్చినా పరవాలేదు. కుడివైపు చూసేలా మాత్రం గీయమనండి.

మొదట లూప్ లేకుండా చేయించండి. మూవ్ 10 స్టెప్స్, వెయిట్ 0.1 సెకండ్స్. మళ్లీ మూవ్, మళ్లీ వెయిట్. ఆరేడుసార్లు తగిలించేసరికి పిల్లలకు విసుగొస్తుంది. ఆ విసుగు రావాలి. అది రాకముందే రిపీట్ బ్లాక్ ఇస్తే, ఎందుకిచ్చారో తెలియదు. విసుగొచ్చాక రిపీట్ చూపించి, లోపలి అంకె మీరు నింపకుండా అడగండి: కాజీపేట నుంచి వరంగల్ దాకా ఎన్నిసార్లు? 400ను 10తో భాగిస్తే 40 అని లెక్క వేసుకుంటారు. వెయిట్ బ్లాక్ మాత్రం తీసేయనివ్వకండి. అది లేకపోతే ఒక్కో అడుగూ విడిగా కంటికి ఆనదు, బస్సు చకచకా వరంగల్ చేరిపోతుంది.

ఇప్పుడు హనుమకొండలో ఆపుదాం. రిపీట్ లోపల ఇది రావాలి:

రిపీట్ 40
  మూవ్ 10 స్టెప్స్
  వెయిట్ 0.1 సెకండ్స్
  ఇఫ్ ఎక్స్ పొజిషన్ = 0 దెన్
    వెయిట్ 2 సెకండ్స్

నడిపితే బస్సు హనుమకొండలో రెండు సెకన్లు ఆగి కదులుతుంది. అందరూ సంతోషిస్తారు. అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. "బస్సు స్పీడు పెంచుదాం" అని మూవ్ 10ని 15గా, రిపీట్‌ను 27గా మార్చండి. ప్రోగ్రామ్‌ను నడిపే ఆకుపచ్చ ఫ్లాగ్ బటన్ నొక్కే ముందు ఏమవుతుందో కాగితం మీద రాయించండి. నొక్కండి. బస్సు హనుమకొండలో ఆగకుండా వెళ్లిపోతుంది.

ఎందుకు? ఎక్స్ విలువలు వరసగా రాయించండి: -200, -185, -170... చివరకు -5, ఆ తర్వాత 10. సున్నా అనే విలువ అసలు రాలేదు. ఇఫ్ అడిగిన ప్రశ్నకు ఒక్కసారి కూడా అవునన్న జవాబు రాలేదు. నిజం బస్సు ఊరు దాటుతూ ఆ ఊళ్లోంచి వెళ్తుంది, ప్రోగ్రామ్‌లో బస్సు మాత్రం ఒక చోటి నుంచి మరో చోటికి దూకుతుంది. లూప్ అంటే ఆ దూకుళ్లేనని ఈ ఒక్క తప్పు చెప్పినంత బాగా ఏ నిర్వచనమూ చెప్పదు.

ఎవరో ఒకరు "సున్నా కంటే ఎక్కువైతే ఆపుదాం సార్" అంటారు. వద్దనకండి, చేయనివ్వండి. ఇప్పుడు బస్సు హనుమకొండ దాటాక ప్రతి దూకుడుకూ రెండేసి సెకన్లు ఆగుతూ, వరంగల్ దాకా ఈడ్చుకుంటూ పోతుంది. క్లాసంతా నవ్వుతుంది. నవ్వు తగ్గాక అడగండి: బస్సుకు ఏం గుర్తుండాలి? ఒకసారి ఆగానన్న సంగతి గుర్తుండాలి. దానికోసం ఆగిందా అనే వేరియబుల్ పెట్టి, మొదట్లో 0 రాసి, ఆగిన వెంటనే 1 చేయండి. ఇఫ్‌లో రెండు షరతులు వస్తాయి: ఎక్స్ సున్నా కంటే ఎక్కువ కావాలి, ఆగిందా 0గా ఉండాలి. బస్సు ఒక్కసారే ఆగుతుంది, హనుమకొండ దాటి కొంచెం ముందుకెళ్లి. మన డ్రైవర్లు కూడా స్టాపు కొంచెం దాటించే ఆపుతారు కాబట్టి పిల్లలకు అందులో వింత ఏమీ కనబడదు.

ఈ ఒక్క బస్సులో లూప్, కండిషన్, ఫ్లాగ్ వేరియబుల్ (ఆగిందా లాగా అయిందో లేదో గుర్తుపెట్టుకునేది) మూడూ ఉన్నాయి. మూడు పీరియడ్లు పట్టినా పట్టనివ్వండి.

జీరో టికెట్ ఎవరికి

షరతులను కలిపే ఆండ్, ఆర్ చెప్పడానికి అదే బస్సులో కండక్టర్‌ను ఎక్కించండి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రానికి చెందిన మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఈ షరతులు పిల్లలకు మనకంటే బాగా తెలుసు, అమ్మతో, నానమ్మతో ఎక్కుతూనే ఉంటారు కదా.

నలుగురు ప్రయాణికులను గీయండి. పల్లె వెలుగులో ములుగు అవ్వ, సూపర్ లగ్జరీలో హనుమకొండ అక్క, ఎక్స్‌ప్రెస్‌లో పరకాల అన్న, ఎక్స్‌ప్రెస్‌లోనే విజయవాడ నుంచి వచ్చిన చిన్నమ్మ. ఒక్కొక్కరు కండక్టర్ ముందుకు వచ్చినప్పుడు బొమ్మను ఆపి, జీరో టికెట్టా, డబ్బులు కట్టాలా అని చేతులు ఎత్తించండి. తర్వాత ఆ తీర్పును షరతుగా రాయించండి:

మహిళ ఆండ్ తెలంగాణ ఆండ్ (పల్లెవెలుగు ఆర్ ఎక్స్‌ప్రెస్)

ఇప్పుడు బ్రాకెట్లు తీసేయండి. పైథాన్‌లో ఆండ్ ముందు చూస్తుంది, ఆర్ తర్వాత చూస్తుంది. దాంతో "మహిళ, తెలంగాణ, పల్లె వెలుగు మూడూ అయితే ఉచితం; లేదా ఎక్స్‌ప్రెస్ అయితే చాలు ఉచితం" అని అర్థం మారిపోతుంది. కార్టూన్‌లో కండక్టర్ పరకాల అన్న చేతిలో జీరో టికెట్ పెడతాడు. ఆ ఒక్క బొమ్మ చూసినవాళ్లకు బ్రాకెట్లు ఎందుకో మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. స్క్రాచ్‌లో ఈ తప్పు చేయడం కష్టం, ఆరు మూలల బ్లాకులు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి కాబట్టి బ్రాకెట్ దానంతట అదే పడుతుంది. అందుకే తప్పు బొమ్మ కావాలంటే, ఆండ్ మొత్తాన్ని ఆర్ బ్లాక్ ఎడమ గడిలో పెట్టి, కుడి గడిలో ఎక్స్‌ప్రెస్ ఒక్కటే ఉంచండి.

ఎక్కడ ఆపాలి, ఎలా ఆపాలి

స్క్రాచ్ 3లో ఒక్కో అడుగు నడిపే బటన్ లేదు. మీరే చేసుకోవాలి. లూప్ లోపల చివర్లో "వెయిట్ అంటిల్ కీ స్పేస్ ప్రెస్‌డ్" బ్లాక్ పెడితే, స్పేస్ నొక్కినప్పుడే తర్వాతి అడుగు పడుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. వేలు కొంచెం ఎక్కువసేపు ఉంటే అయిదారు అడుగులు ఒక్కసారిగా జరిగిపోతాయి. దానికి విరుగుడుగా వెంటనే ఇంకో వెయిట్ అంటిల్ పెట్టి, అందులో నాట్ బ్లాక్ లోపల అదే కీ స్పేస్ ప్రెస్‌డ్ ఉంచండి. అంటే వేలు తీసేదాకా ఆగు అని. వేరియబుల్ పక్కన టిక్ పెడితే దాని విలువ తెర మీద ఎప్పుడూ కనబడుతుంది. పాఠానికి సంబంధించిన వేరియబుల్‌కే టిక్ పెట్టండి, అన్నింటికీ పెడితే తెర నిండా అంకెలే.

అడిగే పద్ధతి గురించి కొంచెం పట్టుదలగా ఉండండి. "అర్థమైందా?" అని అడిగితే "అయింది సార్" అనే వస్తుంది, అది జవాబు కాదు. "ఇప్పుడు స్పేస్ నొక్కితే బస్సు ఎక్కడుంటుంది? ఆగిందా విలువ ఎంత?" అని అడిగి, నోటితో కాకుండా కాగితం మీద రాయించండి. నోటితో అడిగితే ముందు వరసలో ఇద్దరు అరుస్తారు, మిగతావాళ్లు వాళ్ల వెనక దాక్కుంటారు. రాశాక పక్కవాళ్ల జవాబుతో పోల్చుకోనివ్వండి, తేడా ఉంటే ఇద్దరూ వాదించుకోవాలి. అప్పుడు స్పేస్ నొక్కండి. తప్పు రాసినవాళ్లు కొట్టేసి దిద్దుకోకూడదు, పక్కన ఎందుకు తప్పిందో ఒక్క ముక్క రాయాలి. రెండు నిమిషాల కార్టూన్ ఇలా నడిపితే పీరియడ్ మొత్తం పడుతుంది.

బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వద్దు. మెరుపులు, చప్పట్లు, తిరిగే నక్షత్రాలు వద్దు. తెర మీద ఒక సమయంలో మారేది ఒక్కటే ఉండాలి, అది పాఠానికి సంబంధించినదే కావాలి. మాట పెట్టాలనుకుంటే పిల్లల గొంతులోనే, వాళ్ల యాసలోనే రికార్డు చేయించండి. "అరేయ్, ఆగలేదేందిరా బస్సు?" అని తెర మీద బస్సు డ్రైవర్ అంటే, ఆ ప్రశ్న ఇంటిదాకా వెళ్తుంది.

మిర్చి బస్తాలను వరస పెట్టడం

సార్టింగ్‌ను బొమ్మల్లో చూపించడం కొత్తేమీ కాదు. 1981లోనే టొరంటో విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బేకర్ అరగంట సినిమా తీసి, తొమ్మిది సార్టింగ్ పద్ధతులను తెర మీద చూపించారు. మనం ఒక్క బబుల్ సార్ట్‌తో సరిపెట్టుకుందాం, దాన్ని ముందు పిల్లలతోనే ఆడిద్దాం.

ఎనుమాముల మార్కెట్ యార్డు చూడని వరంగల్ పిల్లలు తక్కువ. అయిదుగురిని బస్తాలుగా నిలబెట్టండి, చేతుల్లో బరువు రాసిన అట్టలు: 42, 38, 45, 40, 36. ఆరో పిల్లాడు హమాలీ. ఎడమ నుంచి మొదలుపెట్టి పక్కపక్క ఇద్దరినే పోలుస్తాడు, ఎడమ బస్తా బరువెక్కువైతే ఇద్దరినీ మారుస్తాడు. ఇంకొకరు బోర్డు మీద పోలికలు లెక్కపెడతారు. మొదలుపెట్టే ముందే రాయించండి: ఒక రౌండ్ అయ్యాక వరస ఎలా ఉంటుంది? అంతా సర్దుకుంటుందని కొందరు రాస్తారు. నడిపిస్తే 38, 42, 40, 36, 45 వస్తుంది. అన్నింటికంటే బరువైన 45 మాత్రమే తన చోటికి చేరింది. 36 పట్టుకున్న పిల్లను గమనించమనండి. రౌండుకు ఒక్క అడుగే ఎడమకు జరుగుతుంది. అందుకే నాలుగు రౌండ్లు కావాలి.

మొత్తం పోలికలు 4+3+2+1, అంటే 10. ఇప్పుడు పదిమందిని నిలబెట్టండి: 45 పోలికలు. మనుషులు రెట్టింపయ్యారు, పని నాలుగు రెట్లకు మించింది. దీన్ని స్క్రాచ్‌లో చేసేటప్పుడు పోలికలు అనే వేరియబుల్‌కు టిక్ పెట్టి, దాన్ని తెర మీద పెద్దగా చూపించండి. ఇంటర్, డిప్లొమా పిల్లలకు టైమ్ కాంప్లెక్సిటీ (అంశాలు పెరిగేకొద్దీ పని ఎంత పెరుగుతుందన్న లెక్క) పాఠం ఆ అంకె దగ్గరే మొదలవుతుంది.

రికర్షన్‌కు బతుకమ్మ

రికర్షన్ అంటే ఫంక్షన్ తననే తాను పిలుచుకోవడం. ఇది కొంచెం పెద్ద పిల్లలకు. మూడు వరసల బతుకమ్మ అంటే ఏమిటి? కింద ఒక వరస పూలు, దాని మీద రెండు వరసల బతుకమ్మ. రెండు వరసలదంటే? ఒక వరస, దాని మీద ఒక వరసది. వరసలు అయిపోతే పైన పసుపు గౌరమ్మ. రికర్షన్ నిర్వచనం ఇంతే.

స్క్రాచ్ 3లో (పాత 1.4లో ఈ సదుపాయం లేదు) మై బ్లాక్స్‌కు వెళ్లి బతుకమ్మ అనే బ్లాక్ చేసి, దానికి వరసలు అనే ఇన్‌పుట్ పెట్టండి. లోపల ఇలా:

బతుకమ్మ (వరసలు)
  ఇఫ్ వరసలు = 0 దెన్
    సే "గౌరమ్మ" 1 సెకండ్
  ఎల్స్
    సే (వరసలు) 1 సెకండ్
    బతుకమ్మ (వరసలు - 1)
    సే (జాయిన్ వరసలు " అయింది") 1 సెకండ్

బతుకమ్మ 3 అని పిలిచే ముందు, బొమ్మ ఏ క్రమంలో మాట్లాడుతుందో రాయించండి. 3, 2, 1, గౌరమ్మ దాకా సులువుగానే రాస్తారు. ఆ తర్వాత ఏం వస్తుందన్నదే అసలు ప్రశ్న. "1 అయింది, 2 అయింది, 3 అయింది" అని వెనక్కి వస్తుంది, ఎందుకంటే లోపలిది ముగిసేదాకా బయటిది ఆగి ఉంటుంది. ఆ ఆగడం చూపించడానికి ఒక్కో పిలుపుకు ఒక పిల్లను నిలబెట్టండి. 3వ పిల్ల 2వ పిల్లను పిలిచి చేతులు కట్టుకుని ఎదురుచూస్తుంది, 2వ పిల్ల 1ని పిలుస్తుంది, ఆమె గౌరమ్మను పిలుస్తుంది. గౌరమ్మ పని అయ్యాక ఒక్కొక్కరే చేతులు విప్పి "అయింది" అంటారు. గౌరమ్మ షరతు తీసేసి నడిపితే వరసలు -1, -2 అంటూ ఎక్కడా ఆగకుండా పోతాయి. పైథాన్‌లో ఇదే తప్పు చేస్తే దాదాపు 1000 పిలుపుల లోతు దాకా వెళ్లి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను కూడా పిల్లలకు చూపించండి, దాచొద్దు.

పగ్గాలు పిల్లల చేతికి

2002లోనే థామస్ నాప్స్ తదితర పరిశోధకులు బొమ్మతో విద్యార్థి పెట్టుకునే సంబంధాన్ని మెట్లుగా విడదీశారు: అసలు చూడకపోవడం, చూడటం, ప్రశ్నలకు జవాబివ్వడం, బొమ్మను మార్చడం, సొంతంగా చేయడం, చేసినదాన్ని పదిమందికి వివరించడం. ఇంతవరకు మనం చేసింది మధ్య మెట్లు. చివరి రెండింటికి ఇద్దరేసి జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు ఒక చిన్న ప్రోగ్రామ్ ఇవ్వండి. ముందు గళ్లు గీసి మీకు చూపించాలి, ఆ తర్వాతే మౌస్ ముట్టుకోవాలి. కార్టూన్ నిడివి ఒక నిమిషం దాటకూడదు. అందులో ఒక చోటైనా బొమ్మ ఆగి చూసేవాళ్లను ప్రశ్న అడగాలి. ఏ ప్రశ్న పెట్టాలో తేల్చుకోవడానికి పిల్లలు తన్నుకులాడతారు చూడండి, పాఠం అర్థమైందీ లేనిదీ అక్కడే తెలిసిపోతుంది. మార్కులు కూడా బొమ్మ అందానికి కాకుండా ఆ ప్రశ్నకే వేయండి.

బొమ్మ నుంచి కోడ్‌కు

ఎప్పటికీ కార్టూన్ల దగ్గరే ఆగిపోకూడదు. బ్లాకుల్లో చేసినదాన్నే పైథాన్‌లో రాయించి, పైథాన్ ట్యూటర్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో నడిపించండి. ఫిలిప్ గువో 2010లో మొదలుపెట్టిన ఈ సైట్‌లో కోడ్ పెట్టి నెక్స్ట్ నొక్కుతూ పోతే ఒక్కో లైన్ నడుస్తుంది, పక్కనే వేరియబుల్ విలువలు మారుతూ కనిపిస్తాయి. సీ, సీ ప్లస్ ప్లస్, జావా కూడా నడుస్తాయి కాబట్టి పాలిటెక్నిక్, బీటెక్ పిల్లలకు మరీ ఉపయోగం. ఇక్కడా అదే నియమం: నెక్స్ట్ నొక్కే ముందు విలువ రాయాలి. లేకపోతే పిల్లలు నెక్స్ట్ నెక్స్ట్ అని చివరిదాకా నొక్కేసి అవుట్‌పుట్ మాత్రం చూసుకుంటారు. డేటా స్ట్రక్చర్లకు (డేటాను అమర్చి పెట్టే పద్ధతులకు) సింగపూర్‌లో స్టీవెన్ హాలిమ్ చేసిన విజువాల్గో అనే సైట్ బాగుంటుంది.

నెట్ లేని రోజున, లూప్ లోపల ఒక ప్రింట్ లైన్ పెట్టించండి, ప్రతి తిరుగుడుకూ వేరియబుల్ విలువ తెర మీద పడుతుంది. కంప్యూటరే లేని రోజున, కాగితం మీద నిలువు గీతలు గీసి పట్టిక చేయించండి: ఎడమ గడిలో లైన్ నంబర్, పక్కన ఒక్కో వేరియబుల్‌కు ఒక్కో గడి, చివర్లో అవుట్‌పుట్. పాత విలువను రబ్బరుతో చెరపకుండా ఒక్క గీతతో కొట్టేసి, కొత్తది దాని కింద రాయమనండి. పిల్లాడు ఎక్కడ తడబడ్డాడో తర్వాత ఆ కొట్టివేతల్లో మీకు దొరుకుతుంది.